అరుగు మీద ఐసు పెట్టె

నా పని నెత్తురు తీయడం. ఉద్దానం ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి, కిడ్నీ పరీక్షకి చేతి నరంలోంచి నెత్తురు తీసి, ట్యూబుల్లో పోసి, ఐసు పెట్టెలో శ్రీకాకుళం పంపిస్తాను. వీధిలో అడుగుపెడితే చాలు, "పిశాచొచ్చిందర్రా, సేతులు దాసుకోండి" అంటారు ఆడవాళ్లు. మొదట్లో నవ్వేదాన్ని. తర్వాత్తర్వాత, "మీ నెత్తురు నాకెందుకే, సగం టీ నీళ్లే గదా" అనేదాన్ని. నాకు నోరు దురుసు. ఇప్పుడు ఏమీ అనను. గుమ్మం బయట నిలబడి, లోపలికి రమ్మంటారా అని అడుగుతాను. రమ్మంటే వెళ్తాను, లేదంటే పక్కింటికి పోతాను.

సూది పెట్టించుకుంటేనే రోగం లేస్తుందని ఇక్కడ ఒక నమ్మకం. తప్పని ఎవరికి చెప్పను? మా చిన్నాన్నకి పరీక్ష చేసింది నేనే. ఏడాది తిరక్కుండా పోయాడు. పిన్ని నాతో మాట్లాడుతుంది గానీ, నా చేత్తో ఇచ్చిన మంచినీళ్లు తాగదు.

అప్పటినుంచి నాన్న ఆ పెట్టెను ఇంట్లోకి రానివ్వడం మానేశాడు. పెళ్లయిన రెండేళ్లకే నేను మొగుణ్ణి వదిలేసి వచ్చేశాను, ఇంట్లో మేమిద్దరమే. నేను లోపలుంటాను, పెట్టె మాత్రం అరుగు మీద.

నాన్న కొబ్బరి చెట్లెక్కే మనిషి. ఆ ఏడు ఎక్కడం మానేశాడు. అడిగితే ఎండన్నాడు. పాదాల మీద చెప్పుల పట్టీ అచ్చు పడితే సాయంత్రానికి కూడా పోవడం లేదు. కాళ్లకి నీరు పట్టింది, కిడ్నీలేనని చూడగానే నాకు తెలిసిపోయింది. పరీక్ష చేయించుకోమని మూడు నెలలు బతిమాలాను, తిట్టాను, అన్నం మానేశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. "నీకు పున్నెముంటాది, ఆ మాటొదిలీ" అనేవాడు. చివరికి నేనే మొద్దుబారిపోయాను. ఊరందరి నెత్తురూ తీసి ఇంటికొచ్చి, ఆ కాళ్లవైపు చూడకుండా కంచం పెట్టేదాన్ని.

ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో పిశాచి సినిమా వేశారు, ఏదో డబ్బింగుది. భయపడటానికి అందులో పెద్దగా ఏమీ లేదు. నెత్తురు తాగే పిశాచిగా మారిపోయిన ఒక భార్య రోజూ తన ఇంటి గుమ్మం ముందుకొచ్చి నిలబడుతుంది. లోపలివాళ్లు పిలవకుండా పిశాచి గడప దాటలేదట. మొగుడు తలుపు సందులోంచి చూస్తాడు, పిలవడు. ఆవిడ రోజురోజుకీ ఎండిపోతుంది. పిలవమని ఒక్కసారీ అడగదు.

నాన్న చుట్ట ఆరిపోయింది, చూసుకోలేదు. "ఏటాడు, సొంత పెళ్లాన్ని అలగ నిలబెట్టీసినాడు. కాసింత నెత్తురే గదా" అన్నాడు.

ఏమన్నాడో ఆయనకే కాసేపటికి తెలిసినట్టుంది. సినిమాలో మొగుడు ఆఖరికి తలుపు తీసి, రా అని పిలిచాడు. నాన్న టీవీ కట్టేశాడు.

"నాకు సూదంటే బయమనుకున్నావేటి? రేపు నాకేటైనా అయితే కూతురే పేనం తీసీసిందంటారు. మీ పిన్ని సూసినట్టే అందరూ నిన్ను సూస్తారు. దానికే వద్దన్నాను." ఆరిపోయిన చుట్ట పక్కన పెట్టి, "ఆ పెట్టె లోపలికి తే" అన్నాడు.

తెచ్చాను. చెయ్యి చాపాడు. నరం ఇట్టే దొరికింది. ట్యూబు నా అరచేతిలో వెచ్చగా ఉంది. ఏడుపొస్తుందేమో అనుకున్నాను, రాలేదు. దూది పెట్టి, మోచెయ్యి మడిచి పట్టుకో అని అందరికీ చెప్పినట్టే చెప్పాను.

రెండు రోజులకి నాన్న ఫలితం ఫోనులో వచ్చింది. అప్పటికి వేరే ఊళ్లో ఒకామె చేతికి రబ్బరు పట్టీ కట్టి ఉన్నాను. ఒకటి దగ్గర ఉండాల్సిన క్రియాటినిన్ ఏడు దాటింది, కిడ్నీలు దాదాపు పోయినట్టే. ఫోను జేబులో పెట్టి ఆమె నెత్తురు తీశాను, ట్యూబు మీద పేరు రాశాను, మిగిలిన ఇళ్లూ తిరిగాను.

సాయంత్రం మా గుమ్మం దగ్గరికొచ్చి గడప ఇవతలే నిలబడ్డాను. పెట్టె చేతిలోనే ఉంది. లోపల నాన్న నా కంచంలో అన్నం వడ్డిస్తున్నాడు. తలెత్తి నా ముఖం చూశాడు. వడ్డించడం ఆపలేదు.

"ఏటమ్మా," అన్నాడు, "పిలిస్తే గానీ రావా?"