టైం ఆఫీసులో అమావాస్య చెల్లదు

మా ఇంట్లో గోడ గడియారం ఉంది గానీ, టైం అనే మాటకూ దానికీ పెద్దగా సంబంధం లేదు. అమ్మకు టైం అంటే గ్రహాలు. 'వానికి టైం బాగలేదు' అంటే తప్పు మనిషిది కాదు, శనిది. నాన్నకు టైం అంటే బస్సు. తమిళనాడులోని మా ఊరు కుందారపల్లిలో హైవే పక్కన గొర్రెలు మేపుతూ, మధ్యాహ్నం కృష్ణగిరి బస్సు కనబడగానే 'టైమాయె' అని సద్ది మూట విప్పుతాడు. బస్సు ఆలస్యమైతే ఆకలి కూడా ఆలస్యంగానే వస్తుంది. కృష్ణగిరి బస్టాండులో బస్సు కిటికీల కింద 'టైంపాస్, టైంపాస్' అని అరుస్తూ అమ్మేవి ఉడికించిన వేరుశనక్కాయలు. టైంకు ఒక ఆఫీసు కూడా ఉంటుందని మాత్రం హోసూరు ఫ్యాక్టరీలో చేరాకే తెలిసింది.

టైం ఆఫీసంటే గేటు పక్కన చిన్న గది. ఎవరు లోపలికి పోయారో, ఎవరు బయటికి వచ్చారో చూసే చోటు. వేలు పెడితే మెషిను 'థాంక్యూ' అంటుంది. మా వంశంలో ఇంగ్లీషులో థాంక్స్ చెప్పించుకున్న మొదటివాణ్ణి నేనే.

నాది కాంట్రాక్టు పని. పర్మనెంటు చేయమని అడిగేంత కాలం మమ్మల్ని వరసగా ఉంచరు. కొన్ని నెలలకోసారి కార్డు తీసేసుకుని 'బ్రేకు' అంటారు. కొన్నాళ్లు ఇంట్లో కూర్చోబెట్టి, మళ్లీ కొత్త నంబరుతో చేర్చుకుంటారు. అలా నేను చాలాసార్లు ఫ్రెషర్ని అయ్యాను. నాకు పని నేర్పమని పక్కవాడికి చెప్పేవాళ్లు. వాడికి నేర్పింది నేనే.

పోయిన బ్రేకు ఎంతకీ తెగలేదు. ఈసారి పిలవరేమోనని లోపల భయం. పైకి మాత్రం 'రిటైరైనాను' అని ఊరంతా చెప్పుకుని తిరిగాను. చివరికి ఒక సాయంత్రం సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. తమిళాయన.

"తంబీ, రేపు జాయినింగు. అమావాసె, మంచి రోజు. పొద్దున్నే గేటు కాడ ఉండు."

తమిళులు అమావాస్య నాడు అంగడి తెరుస్తారు, బండి కొంటారు. మా ఇంట్లో అమావాస్య నాడు కొత్త చెప్పులు కూడా వేసుకోనివ్వరు. తరతరాలుగా ఒకే కొళాయి నీళ్లు తాగుతున్నాం గానీ, చంద్రుడి విషయంలో ఇంకా రాజీ కుదరలేదు.

"అమావాస్య నాడు కొత్త పనిలో చేరతారా ఎవరన్నా?" అంది అమ్మ. "అసలే టైం బాగలేనోడివి."

"కొత్త పని కాదు మా, పాత పనే."

"కొత్త నంబరు ఇస్తారని నువ్వే చెప్తివి కదప్పా."

అచ్చం కంపెనీ వాదననే అమ్మ వినిపించింది. నాన్న గొర్రెలను దొడ్లోకి తోలుతూ తీర్పు చెప్పేశాడు: "ఒక దినమే కదప్పా. ఫ్యాక్టరీ యాడికి పోతుంది?"

నేను కదిలితే అడ్డం పడేట్టు అమ్మ గడపలో కూర్చుంది. పాడ్యమి కూడా వద్దు, విదియకు పొమ్మంది. బేరమాడి పాడ్యమికి దించాను. సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి ఒక రోజు ఆగమంటే, "నీ ఇష్టం తంబీ" అన్నాడు. ఆ మాటను అనుమతి అనుకున్నాను.

పాడ్యమి పొద్దున్నే పోయి చూశాను. ఫ్యాక్టరీ ఎక్కడికీ పోలేదు, నాన్న చెప్పింది నిజమే. టైం ఆఫీసులో ఉండేది ఆంధ్రా నుంచి వచ్చిన మనిషి. నా తెలుగు విని ప్రతిసారీ 'తమిళ్సా మీరు?' అని అడుగుతాడు. ఆ రోజు అది కూడా అడగలేదు.

"నిన్ననే బ్యాచ్ ఫుల్ అయిపోయింది బ్రదర్. టైంకి రావాలి కదండీ."

"మళ్లీ ఎప్పుడు పిలుస్తారన్నా?"

"టైం పడుతుంది."

"ఎంత?"

"అది టైం ఆఫీసులో చెప్పరండీ."

నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు.

బయట టీ కొట్టు దగ్గర సూపర్‌వైజర్ కనబడ్డాడు. "ఐటీఐ పిల్లోళ్లు దిగినారు తంబీ. నీకు వయసు కూడా ఎక్కువైతా ఉంది. ఇంక నా ఫోన్ కోసం చూడొద్దు" అని మెల్లగా చెప్పి, నా టీకి కూడా తానే డబ్బులిచ్చాడు. ఈ మనిషి ఇంతకు ముందెప్పుడూ టీ తాగించలేదు. దాంతో విషయం ఖాయమని అర్థమైంది.

ఇల్లు చేరేసరికి అమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. నా మొహం చూసి చేయి ఆపింది.

"నేనే చెడగొట్టినానా అప్పా?"

"లేదు మా. నిన్న చేరినోళ్లకూ కొన్నాళ్లకు బ్రేకే. ఆడ ఎవురూ నిలిచేది లేదు."

అబద్ధం కాదు. ఓదార్చడానికి ఇంతకన్నా మంచి నిజం నా దగ్గర లేదు.

అమ్మ మళ్లీ ఒక గింజ తీసింది. "అందాకన్నా వాళ్లకు పనుంది కదప్పా."

దానికి ఒక జోకు వెతుకుతూ సంచిలోంచి అన్నం డబ్బా తీశాను. డబ్బాలో పొద్దున కట్టిచ్చిన రాగిముద్ద అట్లాగే ఉంది. చల్లారి గట్టిపడింది. అమ్మే మూత తీసి, రెండుగా విరిచి, పెద్ద ముక్క నా వైపు పెట్టింది.