ఆరు గజాల జెండా

మొన్న పెనుకొండ కోట సంఘం కుర్రవాళ్లు ఒక కరపత్రం తెచ్చి, అచ్చుకు ముందు తప్పులు దిద్దమన్నారు. సంఘం జెండా దళంలో ఆరుగురే ఉండటం ఆరు ఋతువులకు గుర్తని అందులో రాసి ఉంది. నవ్వొచ్చింది. ఋతువుల సంగతి తెలియదు గానీ, ఆ ఆరుకు కారణం నేనే.

డెబ్బైల చివరి మాట. పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తిచేసి హిందూపురంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరిన కొత్త. బజారుకు వెళ్లినా వరుస నంబర్లు వేసిన జాబితా జేబులో ఉండాల్సిందే. కోట గోడల్లో మొలిచిన చెట్లు పీకడానికి పెట్టిన సంఘం, తొలి వార్షికోత్సవానికి ఊరేగింపు తలపెట్టింది. జెండా పట్టేది మా చిన్నాయన. ఆయన పదిహేనేళ్లు పట్టాళంలో చేసి వచ్చాడు, అయితే వంటశాలలో. "ఏమప్పా, తుపాకీతోనే పప్పు ఎనిపినావా?" అని ఊరంతా ఆటపట్టించేది. ఆయనా నవ్వేవాడు. కానీ ఒక్కసారైనా జెండా పట్టుకుని, అందరూ చూస్తుండగా ఒక్కడే నడవాలని ఆయన కోరిక. వెదురుకర్రకు చిన్నమ్మ ఉతికి ఆరేసిన దుప్పటి కట్టి, నెల రోజులు మిద్దె మీద సాధన చేశాడు.

ధర్మవరంలో తెలిసిన నేతగాడికి జెండా బొమ్మ గీసి పంపాను. రంగులు, అంచు వెడల్పు, మధ్యలో బురుజు, అన్నీ నంబర్లు వేసి రాశాను. కొలత 6 × 4 అని రాసి, అడుగులు అన్న మాట మరిచాను.

ఊరేగింపు నాటి పొద్దున నేతగాడే రైల్లో తెచ్చాడు. విప్పుతుంటే గుడ్డ వస్తూనే ఉంది. వెడల్పు నాలుగడుగులు సరే, పొడవు ఆరు గజాలు. చివర జరీ కొంగు కూడా!

"ఆరంటే ఆరు గజాలే గదన్నా! మా మగ్గానికి ఇంకో ఆరు యాడ తెలుస్తాది?" అన్నాడు నేతగాడు.

చిన్నాయన కర్రకు కట్టి ఎత్తితే ముప్పాతిక భాగం నేలమీదే ఉంది. సంఘంవాళ్లలో ఒకాయన కత్తెర తెచ్చాడు. నేతగాడు కొంగు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. చిన్నాయన ఆ కొంగునే కాసేపు చూశాడు.

"కోసేది లేదప్పా. ఐదు మంది రాండి, అంచులు పట్టుకోండి. నేల తగలగూడదు."

"ఒక్కడివే పోవాలంటివి గదా, చిన్నాయనా?" అన్నాను.

"పోవాలనే ఉండాది. ఏం చేద్దాం? నువ్వు యెనక రా, ఇంజనీరూ. కొంగు నీకే."

నేతగాడు, సైకిళ్లు బాగుచేసే సాయబు, సంఘంవాళ్లు ఇద్దరు, అందరికంటే వెనక కొంగు పట్టుకుని నేను. వీధిలో ఒక అవ్వ అడగనే అడిగింది: "ఏమబ్బా, కోటకి చీర పెడతాండారా?" జనం విరగబడి నవ్వారు. చిన్నాయన తల తిప్పలేదు. మిద్దె మీద నేర్చిన నడక ఒక్క అడుగు తప్పలేదు. ఆయన కోట వాకిలి దాటి అవతలి ఎండలోకి వెళ్లాక కూడా నేనింకా ఇవతలి నీడలోనే ఉన్నాను. నవ్వులు ఎప్పుడు ఆగాయో గమనించలేదు.

పప్పు సంగతి ఆ తర్వాత ఆయన్ని ఎవరూ అడగలేదు. ఆ నడక ఇరవై నిమిషాలు ఉంటుందేమో. ఆయన పోయి ఇన్నేళ్లయినా, నా మట్టుకు అది ఇంకా పూర్తికాలేదు.