చిన్నత్త వెనక్కి కట్టుకున్న చేతులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకు చేతులున్నాయన్న సంగతి ఎవరికీ పట్టేది కాదు. అన్నం నానమ్మ కలిపి నోట్లో పెట్టేది. చొక్కా గుండీలు అమ్మ పెట్టేది. చెప్పుల పట్టీ బిగించడం మా చిన్నత్త వంతు. నీళ్ళు తోడి పిలిస్తే వెళ్ళి నిలబడటం వరకే నా పని. ముగ్గురు ఆడవాళ్ళున్న ఇంట్లో ఒక్కగానొక్క మగపిల్లవాణ్ణి. చూసినవాళ్ళు గారాబం అనేవారు, నేను మాత్రం అది నా హక్కనుకునేవాణ్ణి. తొమ్మిదేళ్ళు వచ్చినా అలాగే ఉన్నానని ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగానే ఉంటుంది. తొమ్మిదేళ్ళతో ఆగిపోలేదు కాబట్టి ఇంకా సిగ్గు.

మేముండేది కిషన్‌బాగ్‌లో. బాపు బస్సు డిపోలో మెకానిక్. చిన్నత్త ఆయన చెల్లెలు. పాతబస్తీలోనే ఒక ఆడపిల్లల బడిలో చదువు చెప్పేది. పందొమ్మిది వందల డెబ్బై దాటిన కొత్తల్లో ఆ బడి పిల్లలకు తమకూ ఒక గైడ్స్ దళం ఉండాలని కోరిక పుట్టింది. మగపిల్లలకు స్కౌట్స్ ఎలాగో ఆడపిల్లలకు గైడ్స్ అలాగ. తాడుతో ముడులు వేయడం, దెబ్బ తగిలితే కట్టు కట్టడం, డేరా వేసుకోవడం, ఆరుబయట వండుకోవడం నేర్పుతారు. వేరే బడి పిల్లలు మెడకు రుమాళ్ళు చుట్టుకుని వరుసగా నడిచి పోతుంటే వీళ్ళు ఎక్కడో చూశారట. అయితే దళం పెట్టాలంటే దానికి కెప్టెన్‌గా ఒక టీచరుండాలి, ఆమె శిక్షణ తీసుకుని పరీక్ష నెగ్గాలి. జీతం రాదు, ఆదివారాలు పోతాయి. అందుకని టీచర్లెవరూ ముందుకు రాలేదు. చిన్నత్త సరేనంది.

ఇంట్లో లొల్లి అయింది. ఆదివారాలే కదా పెళ్ళిచూపులకు వచ్చేది అని నానమ్మ బాధ. "గీ వయసుల ఈలలూదుకుంట తిరుగుడేందే? సూసెటోళ్ళు ఏమంటరు?" అంది. చిన్నత్త బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే, "ఏమంటరమ్మా, ఈల ఇనవడితే పక్కకు జరుగుతరు" అంది. బాపుకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మీదే అనుమతి దొరికింది కానీ, రెండు షరతులు పెట్టాడు. ఒంటరిగా వెళ్ళకూడదు, మగతోడు ఉండాలి. ఈసారి నెగ్గితే నెగ్గినట్టు, లేకపోతే మళ్ళీ ఆ ఊసెత్తకుండా ఆదివారాలు ఇంట్లో ఉండాలి. బడిలో పెద్ద టీచరమ్మ కూడా అదే మాట చెప్పింది. కెప్టెన్ లేకపోతే దళం లేదు. పిల్లలు మాత్రం సోమవారం వచ్చిందంటే చాలు, ఏమైంది టీచర్ అని ఆమె చీర కొంగు పట్టుకునేవారట.

ఆ మగతోడు నేనే. బస్సు మెట్టు అందకపోతే ఆమే నన్ను ఎత్తి ఎక్కించేది.

శిక్షణ ఒక పాత బడి అంగణంలో జరిగేది. నేర్చుకునేవాళ్ళంతా టీచర్లే, కొందరు పిల్లల తల్లులు కూడా. నేర్పేది ఒక ముసలామె. తెల్లటి నూలు చీర, మెడలో ఈల, నెత్తిన కొంగు. పాతబస్తీలోనే పుట్టి పెరిగి, అక్కడి ఆడపిల్లలకు ఏళ్ళతరబడి చదువు చెప్పిన మనిషి. ఉర్దూలో మొదలుపెట్టిన మాటను తెలుగులో ముగించేది. అందరూ ఆమెను పెద్ద దీదీ అనేవారు.

మొదటి ఆదివారమే ఆమె వాళ్ళకు ఒక తమాషా చూపించింది. గల్లీలోంచి చిన్న చిన్న ఆడపిల్లల్ని పిలిపించి, ఒక్కొక్క టీచరు ముందు ఒక్కొక్కరిని కూర్చోబెట్టి, చేతికి రిబ్బన్ ఇచ్చి, తమ జడ తామే వేసుకోమంది. టీచర్లు ఎలా వేసుకోవాలో నోటితో చెప్పవచ్చు, ముట్టుకోకూడదు. పాయలు వంకరపోయాయి, రిబ్బన్లు జారిపోయాయి. చూస్తూ చూస్తూ ఉండగానే టీచర్ల చేతులు వాటంతటవే ముందుకు పోయాయి. అందరికంటే ముందు పోయినవి మా చిన్నత్త చేతులే. పెద్ద దీదీ కోప్పడలేదు. వాళ్ళ మెడల్లోని రుమాళ్ళే తీసి, ఒక్కొక్కరి చేతులు వెనక్కి పెట్టించి, వదులుగా ఒక ముడి వేసింది. లాగితే ఊడిపోయే ముడే. పిల్లలు అడిగితే జవాబు చెప్పడానికి నోరుంది కదా, చేతులు మాత్రం వాళ్ళవే ఆడాలి అంది. ఎప్పుడు విప్పుకోవాలనిపిస్తే అప్పుడు విప్పుకోవచ్చట, ఎవరూ అడగరట. కాకపోతే విప్పుకున్నాక అక్కడ జరిగేది పిల్లల పని కాదు, తమ పని.

ఆ ముడి చిన్నత్తకు తలనొప్పి అయింది. ఇంటికొచ్చి సాధన చేయాలంటే ఎదురుగా ఒక చేతకానివాడు కావాలి. మా ఇంట్లో అలాంటివాణ్ణి వెతకాల్సిన అవసరం లేదు. రోజూ పొద్దున బడికి పోయే ముందు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, చేతులు వెనక్కి కట్టించుకుని, చెప్పులు నువ్వే తొడుక్కో అల్లుడా అనేది. నేను ఏడ్చేవాణ్ణి. చెప్పు విసిరేసేవాణ్ణి. నానమ్మ వంటింట్లోంచి శాపనార్థాలు పెట్టేది. చిన్నత్త పెదవి కొరుక్కుంటూ, భుజాలు బిగబట్టుకుని నిలబడేది. ఆమెకు నా మీద ప్రేమ పోయిందని అనుకున్నాను. ఆ భుజాలు ఎందుకు అంతలా బిగిసేవో అర్థం చేసుకునే వయసు కాదు నాది, బుద్ధి అంతకంటే కాదు.

పరీక్ష సైదాబాద్ దగ్గర ఒక మామిడితోటలో పెట్టారు. ఒక్కో టీచరు తన బడి నుంచి కొంతమంది పిల్లల్ని తెచ్చుకోవాలి. ఆ పిల్లలు మూడు రాళ్ళు పెట్టి, కట్టెల పొయ్యి ముట్టించి, వంట చేసి అందరికీ వడ్డించాలి. టీచరు చేతులు వెనక కట్టుకుని నిలబడాలి. చిన్నత్త జట్టు పిల్లలు ఖిచిడీ, దాంట్లోకి చింతపండు పులుసు లాంటి ఖట్టా వండాలనుకున్నారు. వాళ్ళకు పెద్ద మా గల్లీలో తాళాలు బాగుచేసే ఆయన కూతురు. పొడుగ్గా, ఎప్పుడూ ఎవరితోనో ఒకరితో వాదిస్తూ ఉండే పిల్ల.

ముందు రాత్రి వాన పడింది. తోటలో ఏరిన పుల్లలన్నీ తడిసి ఉన్నాయి. అగ్గిపెట్టె ఖాళీ అవుతోంది కానీ పొయ్యి ముట్టడం లేదు. పొగ మాత్రం కళ్ళనిండా. పక్క జట్టులో అప్పుడే మంట లేచింది. అక్కడి టీచరు ఎప్పుడో రుమాలు విప్పేసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని తనే పొయ్యి ఊదుతోంది. ఆమె జట్టు పిల్లలు దూరంగా నిలబడి పుల్లలతో ఆడుకుంటున్నారు. ఇంకెవరో మావాళ్ళను చూసి, ఖిచిడీ రేపటికి అవుతుందా అని నవ్వారు. పెద్ద దీదీ చెట్టు కింద వెదురు మోడా మీద కూర్చుని అంతా చూస్తోంది.

పొద్దు నడినెత్తికొచ్చింది. చిన్నత్త ముఖం చెమటతో తడిసి ఉంది. ఆమె కెప్టెన్ కాకపోతే ఈ పిల్లలకు దళం లేదు, ఆమెకు ఇక ఆదివారాలు లేవు. అదంతా నాకు తెలుసు. నేను మెల్లగా ఆమె వెనక్కి వెళ్ళి రుమాలు కొస పట్టి లాగాను. అది ఊడి కింద పడింది.

ఆమె తిరిగి చూడలేదు. చేతులు ఒక్కసారి ఉలిక్కిపడ్డాయి. పొయ్యి దగ్గరున్న ఒక చిన్న పిల్ల చూడనే చూసింది.

"టీచర్, మీ చేతులు ఇడిసినయ్. జర మీరే ముట్టియ్యుండ్రి టీచర్, మా తోని అయితలేదు."

అందరూ అటే చూశారు. పెద్ద దీదీ కూడా. చిన్నత్త చేతులు ముందుకు రాలేదు. కుడిచేత్తో ఎడమ మణికట్టును వెనకే పట్టుకుంది. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. నేను ఆమె వెనకే ఉన్నాను కాబట్టి ఆ కణుపులు చూసింది నేనొక్కణ్ణే.

"ఇడిసినా అవి మీ పొయ్యి కాడికి రావు," అంది. గొంతు మామూలుగానే ఉంది. "మీ ఇండ్లల్ల పొయ్యి ముట్టకపోతే ఏం జేస్తరో యాద్ జేస్కోండ్రి."

అప్పుడు ఆ పొడుగు పిల్ల తల మీద చెయ్యేసుకుంది.

"మా అమ్మీ అగ్గిపెట్టెల కోసం ఫికర్ జెయ్యది టీచర్. పక్కింట్లకెల్లి నిప్పు తెస్తది. ఈడ ఎవరి పొయ్యి లేదా?"

తోట కాపలాదారు గుడిసె అక్కడికి కొంత దూరంలో ఉంది. ఆ పిల్ల పరిగెత్తింది. అతని భార్య దగ్గర పగిలిన పెంకు మీద నిప్పులు పెట్టించుకుని, చున్నీతో గాలి తగలకుండా కాపాడుకుంటూ తెచ్చింది. వచ్చేటప్పుడు ఆమెనడిగి రెండు ఎండు పిడకలు కూడా పట్టుకొచ్చింది. ఇంకో పిల్ల తడి కట్టెను రాయితో చీల్చి లోపలి పొడి పుల్లలు తీసింది. పొయ్యి ముట్టింది. నిప్పు అడిగి తెచ్చుకోవచ్చన్న ఆలోచన తనకు రాలేదని, తన చేతులు పొయ్యి దగ్గరికి పోయి ఉంటే అగ్గిపుల్లలు గీస్తూనే ఉండేదాన్నని చిన్నత్త తర్వాత ఎన్నోసార్లు చెప్పింది.

ఖిచిడీ అడుగంటింది. ఖట్టాలో ఉప్పు ఎక్కువైంది. విస్తర్లు వేసి అందరికీ పెట్టారు. నేను విస్తరి ముందు కూర్చుని అలవాటుగా నోరు తెరిచి చిన్నత్త వైపు చూశాను. పరీక్ష ముగిసిందన్న ఈల ఇంకా పడలేదు. ఆమె చేతులు ఇంకా వెనకే ఉన్నాయి. తాళాలాయన కూతురు నన్ను చూసి, "ఏంది, నోరు తెరుస్తున్నవ్? కాకి పిల్లవా?" అంది. అందరూ నవ్వారు. నేను చెయ్యి పెట్టాను. వేళ్ళు కాలాయి. మెతుకులు ఒళ్ళో పడ్డాయి. అయినా తిన్నాను.

ఈల వేశాక పెద్ద దీదీ లేచి వచ్చింది. కింద పడి ఉన్న రుమాలు తీసి దుమ్ము దులిపింది. ఇది ఎవరు విప్పారు అని అడిగింది. నా మగతోడే దీదీ అంది చిన్నత్త. మళ్ళీ నవ్వులు. ఎందుకు విప్పావు బేటా అని నన్నడిగితే, అత్తమ్మకు చేతులు నొస్తాయని అన్నాను. అక్కడున్న టీచర్లంతా నా బుగ్గలు పుణికారు. పెద్ద దీదీ ఆ రుమాలును చిన్నత్త మెడకు తనే చుట్టి, కొసలు సరిచేసింది.

"ఇంకెవరి చేతులకన్న కడ్త గానీ బేటీ, నీకు నా ముడి అక్కర లేదు."

పరీక్ష నెగ్గిన సంగతి ఆమె చెప్పిన తీరు అదే. పిల్లలకు అది అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక ఆ తోటలో చిలకలన్నీ లేచిపోయేలా అరిచారు.

తిరిగొచ్చే బస్సులో కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టుకుంది. తిడుతుందేమో అనుకున్నాను. నయాపూల్ దాటుతుండగా మెల్లగా, "ఆకలైంది గదరా అల్లుడా నీకు?" అంది.

నేను తల వంచుకున్నాను. నిజమే. ఆమె చేతులు నొస్తాయని కాదు. పొయ్యి ముట్టే దాకా ఆగలేక విప్పాను. బుగ్గలు పుణికిన వాళ్ళెవరికీ అది తెలియలేదు.

"నాకు గూడ అయింది," అంది చిన్నత్త.

ఆ బడికి దళం వచ్చింది. చిన్నత్తకు తర్వాత పెళ్ళయింది. ఊళ్ళు మారింది, పోయిన ప్రతి చోటా ఏదో ఒక బడిలో దళం పెట్టింది. పెద్ద దీదీ పోయాక, కొత్త టీచర్ల చేతులు వెనక్కి కట్టే పని ఆమెకే వచ్చింది. సెలవులకు వచ్చినప్పుడు ఆ కబుర్లు చెప్పి నవ్వించేది. నేను వినేవాణ్ణి, నవ్వేవాణ్ణి, మార్చుకున్నది మాత్రం తక్కువ. నా పనులు నేను చేసుకోవడం నేర్చుకున్నాను. ఇతరుల పని వాళ్ళని చేసుకోనివ్వడం నేర్చుకోలేదు. నా కూతురు లెక్క చేస్తుంటే పెన్సిల్ లాక్కునేవాణ్ణి. సైకిల్ నేర్చుకుంటుంటే సీటు వదిలేవాణ్ణి కాదు. చివరికి ఒకరోజు, నాన్నా నీకు ఓపిక లేదు, దానికి ప్రేమని పేరు పెట్టుకుంటావు అంది. బస్సులో చిన్నత్త మెల్లగా చెప్పిన మాటే మళ్ళీ విన్నట్టయింది. ఈసారి చెప్పినవాళ్ళు మెత్తగా చెప్పలేదు.

చిన్నత్త చివరి రోజుల్లో మా ఇంట్లోనే ఉంది. చేతులు వణికేవి. ఒకరోజు సాయంత్రం మంచం మీద కూర్చుని, పలచబడిన జుట్టు పాయలు తీసుకుని తనే అల్లుకుంటోంది. పాయ జారిపోతోంది, మళ్ళీ పట్టుకుంటోంది, మళ్ళీ జారుతోంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఎక్కడికీ పోవలసిన పని లేదు, ఆ సాయంత్రం అంతా నాదే. అయినా వెళ్ళి ఆమె చేతిలోంచి దువ్వెన తీసుకున్నాను. ఆమె నా వైపు చూసి నవ్వింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని తల నాకు అప్పగించింది.

ఆమె పోయి ఏళ్ళయింది. ఆ మనిషి పక్కన ఉంటే బాగుండుననిపించినప్పుడు నాకు గుర్తొచ్చేది ఆ మామిడితోట కూడా కాదు, ఆ సాయంత్రమే. ఇంకాసేపు గుమ్మంలోనే నిలబడి ఉంటే ఆ జడ ఆమే వేసుకునేది. వంకరగానైనా వేసుకునేది. నేను చూస్తూ ఉండేవాణ్ణి.