బాలింత పిన్ని తాగిన గ్లాసుడు పాలు

మా చిన్నప్పుడు... మునగపాకలో మా ఇంట్లో బాలింతకి పాలు ఇచ్చేవారు కాదు. పెరట్లో రెండు గేదెలు పాడి మీద ఉన్నా సరే...

పిన్ని అంటే మా బాబాయి భార్య. తల్లి లేని పిల్ల కాబట్టి తొలికాన్పు మా ఇంట్లోనే. పథ్యం అంతా నాయనమ్మ చేతిలో. పగలు ఒక్కపూట పాతబియ్యం అన్నం, కారప్పొడి, వెల్లుల్లి. దాహమేస్తే రెండు గుక్కల వేన్నీళ్ళు. అంతే.

ఒకరోజు వంటింట్లో పిన్ని దొంగతనంగా పాలు తాగుతోంది. నన్ను చూసి చెయ్యి పట్టుకుంది.

"ఆకలేత్తందే అమ్మా... సెప్పకే."

నాకు ఎనిమిదేళ్ళు. వెళ్ళి చెప్పేశాను...

నాయనమ్మ ఆమె చేతిలో గ్లాసు లాక్కుని కుడితిలో పోసింది. "పచ్చి ఒంటికి పాలు పడవని సెప్పేనా, నేదా?" బాబాయి గుమ్మం అవతలే పెరుగన్నం తింటున్నాడు. తలెత్తలేదు.

నెలలు గడిచాయి. పిన్ని జుట్టు కుచ్చులుగా ఊడిపోయింది. మొహం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది. ఎండాకాలంలోనూ దుప్పటి కప్పుకునేది. కూర్చున్నచోటే నిద్ర.

"తిని తొంగుంటే ఒళ్ళు రాదేటి? దీన్ని పుట్టింటికి తోలీరా" అంది నాయనమ్మ కొడుకుతో. బాబాయి సరేనన్నాడు.

పాపకి టీకా వెయ్యడానికి వచ్చిన నర్సమ్మ పిన్ని మొహం చూసి ఆగిపోయింది. ఎవరి మాటా వినకుండా తనే అనకాపల్లిలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. మా అమ్మతో నేనూ వెళ్ళాను. రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ, "ఇది బద్ధకం కాదు. థైరాయిడ్ సరిగా పని చెయ్యట్లేదు. పైగా ఒంట్లో రక్తం లేదు. ఈవిడకి ఏం పెడుతున్నారు?" అని అడిగింది.



ఆ సాయంత్రం పిన్ని రెండు గుడ్లు ఉడకబెట్టుకుని అందరి ముందూ పీట వేసుకుని కూర్చుంది. నాయనమ్మ ఏదో అనబోతే, "అత్తా, నా కూడు నాను తింతన్నాను. అడ్డు రాకండి" అంది. గొంతు పెంచలేదు.

మాత్రలు వేసుకుంటూ, కడుపునిండా తింటూ మనిషి తేరుకుంది. పొమ్మన్న ఇంట్లోనే ఉంది. క్షమించమని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ పాల సంగతి చెప్పేసినందుకు పెద్దయ్యాక నేనొక్కదాన్నే అడిగితే, "నువ్వు సిన్నపిల్లవి. ఆళ్ళు సిన్నపిల్లలు కాదు కదా" అంది. నాయనమ్మ పోయినప్పుడు పిన్ని ఏడవలేదు. నేనూ ఏడవలేదు...

థైరాయిడ్ పథ్యం వల్లే వచ్చిందని నేననను. కానీ పాలిచ్చే తల్లిని పస్తులుంచి, జబ్బుపడితే బద్ధకమన్నారు. అది నా కళ్ళతో చూశాను. ఇక్కడేమో "ఆ రోజుల్లో పథ్యం ఎంత గొప్పదో" అని రోజూ పోస్టులు... రాసేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే.

ఇప్పుడు అంగన్‌వాడీలో బాలింతలకి గుడ్లు, పాలు ఇస్తున్నారు. మా వీధిలోనే ఒకింట్లో ఆ గుడ్లు మొగుడు తింటున్నాడు. కాలం మారిందంటే ఇంతే మారింది...

మీ అమ్మ దగ్గరుంటే ఒక్కమాట అడగండి... నువ్వు బాలింతగా ఉన్నప్పుడు నీకు ఆకలేసేదా అని. ఆవిడ ఏమందో, ఉన్నదున్నట్టు కింద రాయండి.