గెంతితే బిస్కెట్టు

"మీదికి ఎగబడితే మొహం తిప్పుకోండి మావయ్యగారూ. కుదురుగా కూర్చున్నాకే బిస్కెట్టు పెట్టండి" అనేది మా కోడలు, కుక్క టామీకి మర్యాద నేర్పుతూ. "కుక్కకి బడి చదువులా? నాకు చెప్పొచ్చావా!" అని మండిపడి, అది గెంతినప్పుడల్లా చాటుగా నేనే బిస్కెట్టు పెట్టేవాణ్ని.

కిందటేడు రాజోలులో మా ఇంట్లో ప్రార్థన కూటానికి మా అక్క వచ్చింది. గుమ్మం దాటగానే టామీ ఆవిడ మీదికి గెంతింది. అక్క బైబిలుతో సహా పడిపోయింది. తుంటి విరిగింది. "నీ ట్రైనింగులే కొంప ముంచాయి" అని అందరి ముందూ కోడలి మీద అరిచాను. ఆ పిల్ల తలొంచుకుంది.

అక్క ఇప్పుడు మా ఇంట్లోనే మంచాన ఉంది. పక్కన టామీ బుద్ధిగా కూర్చుంటుంది, కోడలే నేర్పింది. అక్కకి పత్రికలో ఈ పాఠకుల పేజీ ప్రతివారం చదివి వినిపించేదీ కోడలే. ఆ చాటు బిస్కెట్ల సంగతి నోటితో చెప్పలేక, ఇక్కడ రాస్తున్నాను.