బేరమాడకుండా చీర కొనబోయిన మా బాపు: నాందేడ్‌లో ఒక పగలు

నాందేడ్ వెళ్తున్నామంటే ఇరుగుపొరుగుకు మేం చెప్పిన కారణం గురుద్వారా. అసలు కారణం నా పెళ్లి సంబంధం. అబ్బాయి వాళ్లు తరాలుగా అక్కడే ఉంటున్న తెలుగువాళ్లు, వజీరాబాద్ బజారులో బట్టల దుకాణం ఉంది. ఫోటోలు అటూ ఇటూ వెళ్లాయి. అబ్బాయితో రెండుసార్లు ఫోన్లో మాట్లాడాను, మంచివాడే అనిపించింది. కానీ నేను నిజామాబాద్‌లో ఒక ఆసుపత్రిలో ఫార్మసిస్టును. పెళ్లయ్యాక ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అని అడగడానికి నాకు నోరు రాలేదు. మర్నాటికి ఔనో కాదో చెప్పాలి. వాళ్లకు తెలియకుండా ముందు ఊరు, దుకాణం చూసి వద్దామన్నాడు మా నాన్న, మేం బాపు అంటాం.

పొద్దున రైలెక్కితే నిజామాబాద్ నుంచి రెండున్నర గంటలు. బాసర వంతెన మీద అమ్మ గోదావరికి దండం పెట్టుకుంది. నేను మాత్రం కిటికీ దగ్గర కాసేపు, తలుపు దగ్గర కాసేపు, ఎక్కడా కుదురుగా కూర్చోలేదు. స్టేషన్ బయట షేర్ ఆటోకు మనిషికి ఇరవై రూపాయలు. "ఈడ ఎండ కడక్ ఉంటది బిడ్డా, మొఖానికి స్కార్ఫ్ కట్టుకో" అన్నాడు డ్రైవర్. నాకూ అదే కావాలి, నా ఫోటో వాళ్ల దగ్గరుంది కదా.

గురుద్వారాలో తల కప్పుకుని దర్శనం చేసుకుని, లంగర్‌లో వరుసలో కూర్చుని రొట్టె, పప్పు తిన్నాం. భోజనానికి డబ్బు తీసుకోరు. అంత ప్రశాంతమైన చోట కూడా నా మనసు నిలవలేదు. ఘాట్ దగ్గర కాసేపు కూర్చుందామని అమ్మ అంటే, "ఎండ ఎక్కువైంది, పద" అని లేపేశాను. బజారు అక్కడికి దగ్గరే, నడిచే వెళ్లాం.

దుకాణంలో గద్దె మీద అబ్బాయి వాళ్లమ్మే ఉంది. ఫోటోలో చూసిన ముఖమే. ఒకరితో మరాఠీ, ఇంకొకరితో హిందీ, ఫోన్లో తెలుగు! నేను స్కార్ఫ్ విప్పలేదు. అమ్మ ఒక చీర తీయించింది. ఆవిడ తొమ్మిది వందలంది. కిలో టమాటాకు కూడా పావుగంట వాదించే మా బాపు, రేపు వియ్యంకులైతే పిసినారి అనుకుంటారని కాబోలు, మారు మాట్లాడకుండా డబ్బు తీశాడు. అమ్మ గిల్లింది కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆవిడ డబ్బు ముట్టుకోలేదు. "ఇన్నేండ్ల సంది దుకాణంల కూసుంటున్న అన్నా. బేరం చెయ్యనోన్ని ఇయ్యాల్నే చూస్తున్న. పిల్లనిచ్చేటోడు తప్ప గిట్ల ఎవ్వడు కొనడు" అని నా వైపు తిరిగింది. "బిడ్డా, ఆ స్కార్ఫ్ తియ్యి. ఉడ్కపోస్తలేదా?"

సిగ్గుతో చచ్చిపోతూ స్కార్ఫ్ విప్పాను. చాయ్ వచ్చింది. "మా పిలగాడు భోకర్ పోయిండు, లేకుంటే చూద్దువు. ఊరు నచ్చిందా?" అని ఆవిడ నన్నే అడిగింది. ఈ సంబంధం మొదలయ్యాక నీకు నచ్చిందా అని నన్ను అడిగింది ఆవిడొక్కతే. ఇక మాట ఆగలేదు.

"ఊరు మంచిగనే ఉన్నదమ్మా. కని నేను నౌకరీ ఇడువ."

"ఇడువుమని ఎవరన్నరు? ఈడ దవాఖానలు తక్వున్నయా? కని ఆదివారం గిరాకీ మస్తుంటది, దుకాణంల నాకు తోడు కూసోవాలె."

"ఒక్క పూటనే కూసుంట."

ఆవిడ పకపకా నవ్వింది. "తండ్రికి రాని బేరం బిడ్డకొచ్చింది! ఒక్క పూటనే, ఖాయం." చీర ఏడువందలకే ఇచ్చింది.

సాయంత్రం రైల్లో అబ్బాయి ఫోన్ చేశాడు. "అమ్మ చెప్పింది. ఆదివారం రెండో పూట నేను కూసుంట తియ్యి" అన్నాడు. ఉద్యోగం మాట అడిగితే సంబంధం చెడుతుందని ఇన్నాళ్లు నాలో నేనే నలిగిపోయాను. అడగడానికి పట్టింది ఒక్క చాయ్ తాగేంతసేపు. ఔనన్న మాట బాసర రాకముందే అమ్మతో చెప్పేశాను. ఆ తర్వాత నిజామాబాద్ దాకా కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

నాందేడ్ వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: వజీరాబాద్‌లో ఏం కొన్నా గట్టిగా బేరమాడండి. లేదంటే పిల్లనివ్వడానికి వచ్చారనుకుంటారు.