మా వాడి మెడలో పన్ను

మా వాడు తన తలను తనే రెండు చేతులతో పట్టుకుని ఇంట్లోకి వచ్చాడు. నిండు కుండ తొణకకుండా తెస్తున్నట్టు, ఒక్కో అడుగూ చూసి వేశాడు. మరమగ్గాల షెడ్డులో తాకా, అంటే నేసిన బట్ట చుట్ట, భుజాన వేసుకుని మెట్లు దిగుతుంటే కాలు జారిందట. ముఖం నేలకు కొట్టుకుందట. చూస్తే నుదుటి మీద చిన్న గీత, అంతే.

అప్పుడు మేం బతుకుతెరువుకు గుజరాత్ వెళ్లి గోడాదరాలో ఉండేవాళ్లం. రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్లయి ఉంటుంది. మా ఆయన పోయాక నాకు ఆ కొడుకొక్కడే.

"ఏంది బిడ్డా, తలకాయ గట్ల పట్టుకున్నవ్?"

"ఏం లేదమ్మా, మెడ జర పట్టింది. చేతులు ఇడిస్తే భయమైతుంది. రేపటికి తగ్గుతది, పాళీ డ్యూటీకి పోత."

పక్కింటి అక్క గుమ్మంలోకి వచ్చింది. "దానికేముందే! చౌరస్తా కాడ మంగలి ఉన్నడు గదా. మెడ పట్టి ఒక్కసారి టక్కున ఇరిసిండంటే సక్కగైతది. మా ఆయనకు నెలకోసారి గదే మందు."

మా గల్లీలో అందరూ చేయించుకునేదే. నేనూ సరే అన్నాను. వాడు చెప్పులు వేసుకోబోయి ఆగిపోయాడు.

"అమ్మా, చేతులల్ల చీమలు పాకినట్టున్నదే."

ఆ మాట వినగానే మంగలీ వద్దు, గింగలీ వద్దని ఆటో పిలిచాను. గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా వాడి చేతుల మీద నా చేతులు వేసి అదిమి పట్టుకున్నాను.

ఆసుపత్రిలో మెడకు పట్టీ కట్టి, పడుకోబెట్టి, పక్క నుంచి ఒక ఎక్స్‌రే తీశారు. అందులో ఏమీ దొరకలేదు. "చూసినవా, నేను చెప్పలే? పోదాం పా," అన్నాడు వాడు.

ఎక్స్‌రే తీసే గుజరాతీ అమ్మాయి పోనివ్వలేదు. తలా మెడా కలిసే చోట ఒక ఎముక పన్నులా పైకి నిలబడి ఉంటుందట. దాని చుట్టూనే తల అటూ ఇటూ తిరుగుతుందట. తన వేలిని ఇంకో పిడికిట్లో నిలబెట్టి, తిప్పి చూపించింది. దాన్ని ఎదురుగా చూడాలంటే తెరిచిన నోట్లోంచి ఫొటో తీయాలి, లేకపోతే పళ్లు అడ్డం వస్తాయని హిందీలో చెప్పింది.

"మాసీ, అబ్బాయిని నోరు పెద్దగా తెరవమనండి."

"తెరువురా."

"తెరిసిననే!"

"గది తెరుసుడా? పిట్ట గూడ ఇంకింత తెరుస్తది."

వాడి పళ్ల మధ్య రెండు వేళ్లు కూడా పట్టలేదు. మగ్గం దగ్గర రోజంతా మావా, అంటే సున్నం కలిపి నలిపిన వక్కా పొగాకూ, బుగ్గన పెట్టుకునేవాడు. దాంతో బుగ్గల లోపలి చర్మం తాడులా బిగుసుకుపోయింది. కొంతకాలంగా వాడు రొట్టెను చిన్న చిన్న ముక్కలు చేసి తింటుంటే, నెమ్మదితనం వచ్చిందనుకుని నేను మురిసిపోయాను చూడండి!

ఆ అమ్మాయి ఒకసారి తీసి చూసి, మళ్లీ తీసింది. మళ్లీ పళ్లే అడ్డొచ్చాయి. వెళ్లి డాక్టరును పిలుచుకొచ్చింది. ఆయన ఫొటో చూసి, లేవబోతున్న వాడి భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

"కనబడని ఎముక బాగుందని నేను చెప్పను. సీటీ స్కాన్ తీద్దాం. దానికి నోరు తెరవక్కర్లేదు."

వాణ్ని ఆ గుండ్రటి యంత్రంలోకి పంపించారు. నేను బయట కూర్చున్నాను. దేవుడికి మొక్కుకోవాలన్న సంగతి కూడా తోచలేదు.

మెడను పలచగా, పొరలు పొరలుగా కోసి చూపించినట్టు ఉన్నాయి ఆ బొమ్మలు. డాక్టరు ఒకదాన్ని చూపించాడు. సంతకం తప్ప అక్షరం రాని నాకు కూడా కనిపించింది, ఆ పన్ను మొదట్లో వెంట్రుకంత నల్లగీత.

"పగిలింది. అదృష్టం, పక్కకు జరగలేదు. దీని వెనకే వెన్నుపాము ఉంటుంది. ఎవరైనా మెడ తిప్పి ఉంటే..."

"తిప్పియ్యబోయినం సారూ," అన్నాను.

ఆయన నాకు నీళ్లిమ్మని ఆ అమ్మాయికి చెప్పాడు.

గడ్డం నుంచి ఛాతీదాకా గట్టి చట్రం బిగించారు. నెలల తరబడి వాడు అందులోనే ఉన్నాడు. ఆ నోటికి పట్టేంత చిన్న ముద్దలు కలిపి పెట్టేదాన్ని.

"ఏందిరా, పెండ్లికొడుకోలె గింత ఠీవిగ కూసున్నవ్?" అనేది పక్కింటి అక్క.

"నవ్వియ్యకు పెద్దమ్మా, గడ్డం గుంజుతది."

ఆమె మళ్లీ మంగలి మాట ఎత్తలేదు. వాళ్లాయన కూడా మెడ విరిపించుకోవడం మానేశాడు.

మా వాడు మావా మానేశాడు. నోరు తెరుచుకోకపోవడం వల్లే స్కాన్ దాకా వెళ్లాం నిజమే, కానీ ఆ మావాకు నేను దండం పెట్టను. నా దండం, కనబడలేదని తేలిగ్గా పొమ్మనని ఆ ఇద్దరికే.

చట్రం తీసిన రోజు డాక్టరు తలను మెల్లగా తిప్పమన్నాడు. ముందు నా వైపే తిప్పుతాడనుకుని కళ్లు తుడుచుకుని నిలబడ్డాను. వాడేమో తలుపు దగ్గరున్న ఆ అమ్మాయి వైపు తిప్పాడు. తిప్పి, తెరవగలిగినంత నోరు తెరిచి చూపించాడు.

"ఎన్ని వేళ్లు పడతాయి?" అని అడిగింది.

"రెండున్నర," అన్నాడు.